అడగక్కర్లేదు, ఆగితే చాలు

ఎవరైనా కొత్త కమాండ్‌లైన్ టూల్ (టెర్మినల్‌లో ఆజ్ఞ టైప్ చేసి నడిపే ప్రోగ్రామ్) రాసి "ఒకసారి చూడండి" అని పంపితే నేను మొదట చూసేది దాని వేగం కాదు, హెల్ప్ పేజీ కాదు. అవుట్‌పుట్ దగ్గర అప్పటికే ఉన్న ఒక ఫైల్ పేరు ఇచ్చి ఎంటర్ కొడతాను. చాలా టూల్స్ మారుమాట లేకుండా పాత ఫైల్‌ని తుడిచేసి కొత్తది రాసేస్తాయి. కొన్ని "ఓవర్‌రైట్ చేయమంటారా? వై/ఎన్" అని అడుగుతాయి. మరికొన్ని ఆ ఫైల్ జోలికి పోకుండా, పనంతా సవ్యంగా అయిపోయినట్టు సక్సెస్ చెప్పి చల్లగా జారుకుంటాయి. ఈ మూడూ తప్పే అంటాను నేను. ఫైల్ ఉంటే ఎర్రర్ చెప్పాలి, ఫెయిల్యూర్ కోడ్‌తో (పని కాలేదని తెలిపే అంకెతో) ఆగిపోవాలి. చెరిపేయమని వాడేవాళ్లు నోరు తెరిచి చెప్తేనే చెరపాలి.

"ఇందులో వాదించడానికి ఏముంది? బ్యాకప్ పెట్టుకోవాలి, చూసుకుని టైప్ చేయాలి, అంతే" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ముఖ్యంగా టెర్మినల్ మీద చేయి తిరిగినవాళ్లు. ఈ వ్యాసం ఎక్కువగా వాళ్లతోనే.

అందరికీ తెలిసిన ఉదాహరణే ముందు చూద్దాం, కాకపోతే కాస్త దగ్గర నుంచి. "పేర్లు" అని ఒక ఫైల్ ఉంది. అందులోవి అక్షర క్రమంలో పెట్టాలి.

సార్ట్ పేర్లు > పేర్లు

చదవడానికి ఎంత సహజంగా ఉందో చూడండి. పేర్లు తీసుకో, వరసలో పెట్టు, పేర్లలోనే రాయి. ఫలితం మాత్రం ఖాళీ ఫైల్. ఎందుకంటే ఆ బాణం గుర్తుని చదివేది సార్ట్ కాదు, షెల్, అంటే మనం టైప్ చేసే కమాండ్లని అర్థం చేసుకుని నడిపే ప్రోగ్రామ్. సార్ట్ ఇంకా మొదలు కాకముందే షెల్ ఆ ఫైల్‌ని రాయడం కోసం తెరుస్తుంది, తెరుస్తూనే ట్రంకేట్ చేస్తుంది, అంటే సున్నా బైట్లకి కత్తిరించేస్తుంది. ఆ తర్వాత సార్ట్ నిద్ర లేచి చదవబోతే అక్కడ ఏమీ ఉండదు. ఏమీ లేనిదాన్ని బుద్ధిగా వరసలో పెట్టి ఏమీ లేనిదే ఇస్తుంది. ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే అంతా బాగానే జరిగినట్టు లెక్క.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సార్ట్ అనే పేరునే తప్పుగా టైప్ చేశారనుకోండి. "అలాంటి కమాండ్ లేదు" అని షెల్ చెప్తుంది. హమ్మయ్య, ఏమీ జరగలేదనుకుంటాం. కానీ ఫైల్ అప్పటికే పోయింది. కమాండ్ ఉందో లేదో తేలేలోపే కత్తెర పడిపోయింది. నడవని ప్రోగ్రామ్ కూడా మన డేటా తుడిచేయగలదంటే, "చూసుకుని టైప్ చేయాలి" అనే సలహా ఎంతవరకు పనికొస్తుందో మీరే ఆలోచించండి.

చాలామంది ఫైళ్లు తొలగించే ఆర్‌ఎం కమాండ్ అంటే భయపడతారు, ఈ బాణాన్ని మాత్రం తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి ట్రంకేట్ అవడం కన్నా ఆర్‌ఎం నయం. ఆర్‌ఎం తీసేది పేరుని. ఆ ఫైల్‌ని ఇంకేదైనా ప్రోగ్రామ్ తెరిచి పెట్టుకుని ఉంటే, లినక్స్‌లో ప్రోక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ కింద ఉండే ఎఫ్‌డీ ఫోల్డర్‌లోంచి దాన్ని మళ్లీ కాపీ చేసుకోవచ్చు. హార్డ్ లింక్ (అదే ఫైల్‌కి ఇంకో పేరు) ఉంటే రెండో పేరు కింద ఫైల్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ట్రంకేట్ అలా కాదు. పేరు ఉంటుంది, ఐనోడ్ (పేరు వెనక ఉండే అసలు ఫైల్ రికార్డు) ఉంటుంది, లోపల సరుకు మాత్రం ఉండదు. హార్డ్ లింక్‌నే బ్యాకప్ అనుకుని ధీమాగా ఉన్నవాళ్లకి రెండు పేర్ల కిందా అదే ఖాళీ ఫైల్ కనిపిస్తుంది, ఎందుకంటే అవి రెండూ ఒకటే ఐనోడ్. ఉన్న ఫైల్ మీదకి సీపీ (కాపీ చేసే కమాండ్) చేసినా ఇదే కథ. సీపీ కూడా మామూలుగా పాత ఐనోడ్‌నే తెరిచి, కత్తిరించి, అందులోనే రాస్తుంది. ఎంవీ (ఫైల్‌ని జరిపే, పేరు మార్చే కమాండ్) మాత్రం పేరుని కొత్త ఐనోడ్‌కి తిప్పుతుంది, అందుకే అక్కడ హార్డ్ లింక్ బతికిపోతుంది. ఇవన్నీ ఎంతమంది గుర్తు పెట్టుకుని టైప్ చేస్తారు?

పైగా ప్రమాదాలన్నీ ఒక్క ఫైల్‌తో ఆగవు. ఈ లూప్ చూడండి:

ఫర్ ఎఫ్ ఇన్ *.లాగ్, డూ ఎంవీ "$ఎఫ్" పాతవి, డన్

ఉద్దేశం స్పష్టం. లాగ్ ఫైళ్లన్నీ "పాతవి" అనే ఫోల్డర్‌లోకి పోవాలి. ఆ ఫోల్డర్ ఉంటే పోతాయి కూడా. లేకపోతే? మొదటి ఫైల్ పేరు "పాతవి" అని మారుతుంది. రెండో ఫైల్ కూడా "పాతవి" అవుతుంది, మొదటిది పోతుంది. మూడోది రెండోదాని మీద కూర్చుంటుంది. నలభై ఫైళ్లతో మొదలుపెడితే చివరికి మిగిలేది ఒక్కటే, అదీ తన సొంత పేరు లేకుండా. నలభై సార్లు ఎంవీ నడిచింది, నలభై సార్లూ సక్సెస్సే. లూప్ లేకుండా ఒకే ఎంవీకి ఫైళ్లన్నీ ఇచ్చి ఉంటే "చివరిది డైరెక్టరీ కాదు" అని ఆగేది. అంటే ఒక్కొక్కటిగా, పద్ధతిగా చేసినందుకు శిక్ష పడిందన్నమాట.

సీపీలో ఇంకో తమాషా. సీపీ *.కాన్ఫ్ అని కొట్టి, ఎక్కడికి కాపీ చేయాలో రాయడం మర్చిపోయారు. అక్కడ కాన్ఫ్ ఫైల్ ఒక్కటే ఉంటే "గమ్యం ఇవ్వలేదు" అని ఎర్రర్ వస్తుంది. మూడు ఉంటే "చివరిది డైరెక్టరీ కాదు" అని ఎర్రర్. సరిగ్గా రెండు ఉంటే మాత్రం మొదటిది రెండోదాని మీద పడిపోతుంది, చడీచప్పుడు ఉండదు. ఫైళ్లని ఒకే ఆర్కైవ్‌గా మూటకట్టే టార్‌దీ అదే వరస. సీఎఫ్ తర్వాత ఆర్కైవ్ పేరు రాయడం మర్చిపోయి నేరుగా *.టెక్స్ట్ అని ఇస్తే, జాబితాలో మొదట వచ్చిన ఫైలే ఆర్కైవ్ పేరైపోతుంది. మిగతావన్నీ దాని మీద ప్యాక్ అవుతాయి. ఒక్క ఫైలే ఉంటే మాత్రం గ్నూ టార్ "పిరికిగా వెనక్కి తగ్గుతున్నాను, ఖాళీ ఆర్కైవ్ తయారు చేయను" అనే తన ప్రసిద్ధమైన మెసేజ్ ఇస్తుంది. ఆ పిరికితనమేదో ఉన్న ఫైల్ మీద రాసేటప్పుడు చూపిస్తే ఎంత బాగుండేది!

ఇన్నాళ్లూ ఇలా ఎందుకు ఉంది? యూనిక్స్ రాసినవాళ్లకి తెలియక కాదు. లింకులు పెట్టే ఎల్‌ఎన్ చూడండి: అప్పటికే ఉన్న పేరుతో లింక్ పెట్టమంటే "ఉంది" అని ఆగిపోతుంది, కావాలంటే మైనస్ ఎఫ్ ఇవ్వమంటుంది. ఫోల్డర్ తయారు చేసే ఎంకేడిర్ కూడా అంతే. మరి ఎంవీ ఎందుకు ఆగదు? నాకు అర్థమైనంతవరకు ఇవేవీ కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు కావు. కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ; ప్రోగ్రామ్ దాన్ని అడిగే పనే సిస్టమ్ కాల్) లింక్ కాల్‌కి పేరు ముందే ఉంటే ఎర్రర్ వస్తుంది, ఎంకేడిర్ కాల్‌కీ వస్తుంది. రీనేమ్ కాల్ మాత్రం ఉన్న పేరుని మార్చేస్తుంది. అలా ఉండడానికి రీనేమ్‌కి మంచి కారణమే ఉంది. పాత ఫైల్ స్థానంలో కొత్తది ఒక్క దెబ్బలో, మధ్యలో ఖాళీ లేకుండా రావాలంటే అదే దారి. కానీ కెర్నెల్‌కి, ప్రోగ్రామర్‌కి పనికొచ్చే గుణం వడపోత లేకుండా నేరుగా మనిషి చేతికి వచ్చేసింది. కింద ఏ సిస్టమ్ కాల్ ఉందో దాన్ని బట్టి పైన కమాండ్ మర్యాద మారుతోంది. ఇక ఫైల్ తెరవడంలో అయితే, దాదాపు ప్రతి భాషలోనూ "రాయడానికి" అనే మోడ్ అంటే "ఉంటే చెరిపి రాయడానికి" అనే అర్థం. టూల్ రాసే కుర్రాడు ట్యుటోరియల్‌లో చూసిన డబ్ల్యూ మోడ్‌తో ఫైల్ తెరుస్తాడు. చెరపాలని అతను అనుకోలేదు, వద్దనీ అనుకోలేదు. అసలా ప్రశ్నే రాలేదు.

షెల్ వైపు చూస్తే, బిల్ జాయ్ బర్కిలీలో రాసిన సీ షెల్‌లోనే నోక్లాబర్ అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే బాణం గుర్తు ఉన్న ఫైల్‌ని ముట్టుకోదు. తర్వాత కార్న్ షెల్, బ్యాష్, జెడ్ షెల్ అన్నీ దాన్ని తెచ్చుకున్నాయి. యూనిక్స్ తరహా సిస్టమ్స్‌కి ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో కూడా ఉంది, "సెట్ మైనస్ పెద్ద సీ" అంటే ఇదే. అంటే సమస్య దశాబ్దాల క్రితమే తెలుసు, మందూ ఉంది. కానీ డిఫాల్ట్‌గా ఆఫ్. భద్రత కావాలంటే ముందు అలాంటిదొకటి ఉందని తెలియాలి. తెలిసినవాళ్లకేమో అప్పటికే ఏదో ఒకటి పోయి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు అందించే డిజైన్ ఇది.

ఇప్పుడు "అడగడం" సంగతి. వై/ఎన్ ప్రాంప్ట్ పెట్టేస్తే తన బాధ్యత తీరిందని చాలా టూల్స్ చేతులు దులుపుకుంటాయి. రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్స్‌లో రూట్ యూజర్‌కి (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాకి) సీపీ, ఎంవీ, ఆర్‌ఎం మూడింటికీ, ముందు అడిగేలా చేసే మైనస్ ఐని కలిపి అలియాస్ (మారుపేరు) పెట్టి ఉంచే అలవాటు చాలాకాలంగా ఉంది. అక్కడ పనిచేసే అడ్మిన్లని గమనించండి. ప్రశ్న పూర్తిగా స్క్రీన్ మీదకి రాకముందే వేలు వై మీద పడుతుంది. రోజుకి యాభై ప్రాంప్టులు వస్తే నలభై తొమ్మిదింటికి జవాబు "అవును". యాభయ్యోదాన్ని మాత్రం ఆగి చదువుతారని ఆశించడం అత్యాశ. విసుగొచ్చినవాళ్లు మైనస్ ఎఫ్ కలిపి చూస్తారు. సీపీ దగ్గర అది అలియాస్‌లోని మైనస్ ఐని రద్దు చేయదు, ఇంకా అడుగుతూనే ఉంటుంది. దాంతో ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి అలియాస్‌నే దాటేయడం నేర్చుకుంటారు. ఇక అక్కడి నుంచి ఆ బ్యాక్‌స్లాష్ ప్రతిదానికీ వేళ్లలోకి వచ్చేస్తుంది. ఏ కంచె కట్టామో దాన్ని దూకడమే వాళ్లకి నేర్పాం.

ప్రాంప్ట్‌లో ఇంకో పెద్ద లోపం ఉంది. అవతల మనిషి ఉన్నాడని అది అనుకుంటుంది. రాత్రి రెండింటికి క్రాన్‌లో (చెప్పిన వేళకి పనులు నడిపేదానిలో) నడిచే స్క్రిప్ట్ ముందు ఎవరూ ఉండరు. విండోస్‌లో కాపీ కమాండ్ దీనికి విచిత్రమైన పరిష్కారం కనిపెట్టింది: చేత్తో టైప్ చేస్తే అడుగుతుంది, బ్యాచ్ ఫైల్లోంచి నడిపితే అడగకుండా రాసేస్తుంది. చూస్తున్నవాడిని అడిగి, ఎవరూ చూడనప్పుడు చెరిపేయడం ఏం పద్ధతో నాకు ఎప్పటికీ అర్థం కాదు. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఈ విషయంలో నయం. టెర్మినల్ ఉంటే అడుగుతుంది, ఇన్‌పుట్ ఏమీ లేకపోతే రాయకుండా ఆగుతుంది, మైనస్ వై ఇస్తే రాస్తుంది, మైనస్ ఎన్ ఇస్తే అడగకుండానే ఆగుతుంది. నా ఫిర్యాదల్లా, మైనస్ ఎన్ ఇస్తే చేసేదే మామూలుగా కూడా చేయొచ్చు కదా అని.

మూడో రకం, అంటే ఏమీ అనకుండా వదిలేసేవి, పైకి అమాయకంగా కనిపిస్తాయి. ఏదీ పోలేదు కదా అనిపిస్తుంది. సీపీలో "ఉన్నదాన్ని చెరపొద్దు" అని చెప్పే మైనస్ ఎన్ చరిత్ర దీనికి మంచి పాఠం. గ్నూ కోర్‌యుటిల్స్‌లో (లినక్స్‌లో సీపీ, ఎంవీ లాంటివి వచ్చే ప్యాకేజీలో) అది ఉన్న ఫైల్‌ని వదిలేసి సక్సెస్ చెప్పేది. 2023లో వచ్చిన 9.2 వెర్షన్‌లో, అలా వదిలేస్తే ఫెయిల్యూర్ కోడ్ ఇచ్చేలా మార్చారు. నా లెక్క ప్రకారం అది సరైన ప్రవర్తన. కానీ అప్పటిదాకా పాత పద్ధతిని నమ్ముకున్న స్క్రిప్టులు ఎన్నో ఉన్నాయి, గొడవ మొదలైంది. 2024లో వచ్చిన 9.5లో మళ్లీ వెనక్కి తిప్పారు. చెప్పి ఆగేదాన్ని కోరుకునేవాళ్ల కోసం "అప్‌డేట్ ఈక్వల్స్ నన్ ఫెయిల్" అనే కొత్త ఆప్షన్ చేర్చారు. పేరే నోరు తిరగనిది. దీన్నుంచి నేను తెలుసుకున్నది, మొదటి రోజు పెట్టిన డిఫాల్ట్‌ని తర్వాత ఎవరూ కదపలేరని. అది ఎంత తప్పైనా సరే, దాని మీద ఇల్లు కట్టుకున్నవాళ్లు ఉంటారు.

వదిలేసి సక్సెస్ చెప్పడం ఎందుకు తప్పో కూడా చెప్పాలి. నిన్నటి నివేదిక అక్కడ ఉంది. ఇవాళ స్క్రిప్ట్ కొత్తది కాపీ చేయబోయింది, పేరు ఒకటే కాబట్టి టూల్ వదిలేసింది. తర్వాతి స్టెప్ ఆ ఫైల్‌ని తీసుకుని పంపేసింది. నిన్నటి అంకెలు ఇవాళ్టి తేదీతో వెళ్లాయి. డిస్క్ మీద ఏదీ చెరగలేదు, కానీ జరగాల్సిన పని జరగలేదు, ఆ విషయం ఎవరికీ తెలియలేదు. డౌన్‌లోడ్ చేసే డబ్ల్యూగెట్ లాగా పేరు చివర .1 తగిలించి సేవ్ చేయడం కూడా ఈ కోవలోకే వస్తుంది. బ్రౌజర్ బదులు చేత్తో డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు బాగుంటుంది. స్క్రిప్ట్‌లో మాత్రం తర్వాతి లైన్ పాత పేరునే తెరుస్తుంది. అలాంటి పనే చేసే కర్ల్ 1998 నుంచి ఉన్నా, మైనస్ ఓతో ఇచ్చిన ఫైల్‌ని చెరపకుండా ఉండే నో-క్లాబర్ ఆప్షన్ దానికి వచ్చింది 2022లో. అది కూడా ఆగిపోదు, చివర నంబర్ తగిలిస్తుంది.

ఇక నాకు ఎదురయ్యే వాదనలు. కోడ్ రివ్యూలో ఒక జూనియర్ నాతో అన్న మాట: "సార్, మన టూల్ రోజూ రాత్రి అదే ఫైల్‌లో రాస్తుంది. ఫైల్ ఉందని ప్రతిసారీ ఫెయిలైతే టెన్షన్ కదా." అతని మాట న్యాయమే. బిల్డ్ అవుట్‌పుట్, రోజువారీ రిపోర్ట్, క్యాష్ ఇవన్నీ మళ్లీ మళ్లీ రాయాల్సినవే. కానీ రోజూ చెరపాలని స్క్రిప్ట్ రాసేవాడికి ముందే తెలుసు. తెలిసినవాడు "ఓవర్‌రైట్" అనే మాట ఒకసారి రాస్తే జీవితాంతం సరిపోతుంది. తెలియనివాడు ఆ మాట రాయకపోయినందుకు ఒక ఎర్రర్ మెసేజ్ చూస్తాడు, అంతే. ఒకవైపు ఒక్కసారి టైప్ చేసే శ్రమ, ఇంకోవైపు తిరిగి రాని ఫైల్. ఈ రెండూ సమానంగా తూగుతాయని నేను ఒప్పుకోలేను. ఆ జూనియర్ ఫ్లాగ్ పెట్టాడు, రాత్రి జాబ్‌లో ఆ ఫ్లాగ్ రాశాడు. ఇప్పుడు ఆ స్క్రిప్ట్ చదివినవాళ్లకి, ఇక్కడ పాతది పోతుందని కళ్లకి కనిపిస్తుంది. అంతకు ముందు అది ఎక్కడా రాసి లేదు.

"మరి సీపీ, ఎంవీలని మార్చేద్దామా?" అంటే, వద్దు. వాటి ప్రవర్తన పోసిక్స్‌లో రాసి ఉంది, ప్రపంచంలో ఎన్ని స్క్రిప్టులు వాటి మీద నడుస్తున్నాయో లెక్క లేదు. 9.2 అనుభవం చూశాం కదా. నా పట్టుదల అంతా కొత్తగా రాసే టూల్స్ గురించే. వాటికి పాత బరువేమీ లేదు. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో, రిపాజిటరీని కాపీ తెచ్చుకునే క్లోన్ చూడండి, ఖాళీగా లేని ఫోల్డర్‌లోకి చేయమంటే కుదరదంటుంది. గిట్ ఎంవీ కూడా ఉన్న పేరు మీదకి పోనంటుంది. వాటి గురించి ఎవరూ సణగడం నేను వినలేదు. అదే గిట్‌లో రీస్టోర్ మాత్రం కమిట్ చేయని (చరిత్రలో ఇంకా దాచని) మార్పుల్ని కిమ్మనకుండా తుడిచేస్తుంది, అది ఇంకో రోజు తిట్టుకోవచ్చు.

రాసేవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు తరచుగా చేస్తారు. ముందు "ఫైల్ ఉందా?" అని చూసి, లేకపోతే తెరిచి రాస్తారు. చూడ్డానికీ తెరవడానికీ మధ్య సందు ఉంది. అదే టూల్ పక్క టెర్మినల్‌లో ఇంకో కాపీ నడుస్తుంటే, ఇద్దరూ "లేదు" అనుకుంటారు, ఇద్దరూ తెరుస్తారు, ఒకరిది పోతుంది. ఈ రెండు పనులూ కలిపి ఒకే దెబ్బలో చేసే ఏర్పాటు కెర్నెల్‌లో ఉంది: ఫైల్ తెరిచేటప్పుడు క్రియేట్‌తో పాటు ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్ ఇస్తే, ఉంటే ఎర్రర్, లేకపోతేనే కొత్తది. పైథాన్‌లో 3.3 నుంచి ఎక్స్ మోడ్ ఇదే. డబ్ల్యూ తీసేసి ఎక్స్ పెడితే సగం పని అయిపోయినట్టే, ఒక్క అక్షరం తేడా. సీలో సీ11 నుంచి ఎఫ్‌ఓపెన్‌కి డబ్ల్యూఎక్స్ ఇవ్వొచ్చు. జావాలో క్రియేట్ న్యూ అని ఆప్షన్ ఉంది. రస్ట్‌లో ఫైల్ కింద నేరుగా క్రియేట్ న్యూ ఫంక్షన్ 1.77లో స్థిరపడింది. సాధనాలు లేవని ఎవరూ అనలేరు.

అయితే ఎక్స్ మోడ్ ఒక్కటీ చాలదు. టూల్ మూడు గంటలు లెక్కలు వేసి, చివర్లో ఫైల్ తెరవబోయి "ఇది ముందే ఉంది" అని ఆగిపోతే, వాడేవాళ్లు మనల్ని తిడతారు, తిట్టాల్సిందే. పోనీ మొదట్లోనే తెరిచి పెట్టుకుంటే, మధ్యలో క్రాష్ అయినప్పుడు ఖాళీ ఫైల్ మిగిలిపోతుంది. మళ్లీ నడిపితే తను వదిలిన ఖాళీ ఫైల్‌నే చూసి తనే ఆగిపోతుంది. అందుకని రెండు చోట్లా చూడాలి. మొదట్లో ఒకసారి మర్యాద కోసం, వెంటనే చెప్పేయడానికి. తర్వాత రాయడమంతా అదే ఫోల్డర్‌లో వేరే తాత్కాలిక పేరుతో. అంతా రాసి, ఎఫ్‌సింక్ చేసి (డిస్క్ మీదకి చేరేలా చూసి), చివర్లో అసలు పేరు పెట్టేటప్పుడు మళ్లీ. ఈ చివరి పని మామూలు రీనేమ్‌తో చేస్తే అది నిర్దాక్షిణ్యంగా పాతదాన్ని మార్చేస్తుంది. లినక్స్‌లో 2014 నాటి 3.15 కెర్నెల్ నుంచి రీనేమ్-ఎట్-2 అనే కాల్‌కి "నో రీప్లేస్" ఫ్లాగ్ ఉంది, దానితో పేరు ఖాళీగా ఉంటేనే మారుతుంది. అది లేని చోట పాత చిట్కా ఒకటి పనికొస్తుంది: తాత్కాలిక ఫైల్‌కి అసలు పేరుతో హార్డ్ లింక్ పెట్టి, తాత్కాలిక పేరు తీసేయడం. పేరు ముందే ఉంటే లింక్ కాల్ ఎలాగూ ఒప్పుకోదు కదా.

ఓవర్‌రైట్ చేయమన్నప్పుడు కూడా ఈ తాత్కాలిక ఫైల్ దారే మేలు. చెరపమన్నారు సరే, కానీ కొత్తది సగం రాశాక డిస్క్ నిండిపోతే పాతదీ పోయి కొత్తదీ రాక రెంటికీ చెడతాం. పూర్తిగా సిద్ధమయ్యాకే మామూలు రీనేమ్‌తో పేరు తిప్పితే ఆ బాధ లేదు.

ఫ్లాగ్ పేరు విషయంలో నాకు కొంచెం పట్టింపు ఉంది. దాన్ని ఫోర్స్ అనొద్దు. మైనస్ ఎఫ్ అంటే ఆర్‌ఎంలో ఫైల్ లేకపోయినా నోరెత్తకు అని, సీపీలో తెరవలేకపోతే తీసేసి మళ్లీ ప్రయత్నించు అని, ఇంకో టూల్‌లో వెర్షన్ తేడా పట్టించుకోకు అని. కొత్త టూల్‌లో కూడా ముందు ఓవర్‌రైట్ కోసం ఫోర్స్ పెడతారు, ఏడాది తర్వాత "సర్టిఫికెట్ చెక్ దాటేయడానికి కూడా ఇదే వాడదాం" అంటారు. ఇక ఒకదాని కోసం ఆ ఫ్లాగ్ రాసినవాళ్లకి రెండోదీ తెలియకుండా వచ్చి పడుతుంది. "ఓవర్‌రైట్" అని పూర్తిగా రాయించండి, పొట్టి అక్షరం ఇవ్వకండి. టైప్ చేయడం కాస్త కష్టంగానే ఉండాలి.

ఇంకా మంచి ఆలోచన గిట్ నుంచి వచ్చింది. పుష్‌లో (మన మార్పుల్ని అవతలికి పంపడంలో) ఫోర్స్ పెడితే అవతల రిపాజిటరీలో ఏముందో చూడకుండా మన చరిత్రతో మార్చేస్తుంది. 1.8.5 వెర్షన్‌లో ఫోర్స్ విత్ లీజ్ తెచ్చారు: అవతల నేను చివరిసారి చూసిన కమిటే ఇంకా ఉంటేనే మార్చు, మధ్యలో ఎవరైనా ఏదైనా చేర్చి ఉంటే ఆగిపో. "చెరుపు" అనే ఆజ్ఞకన్నా "నేను అనుకుంటున్నదే అక్కడ ఉంటే చెరుపు" అనేది ఎంత తెలివైనదో! మామూలు ఫైళ్లకి కూడా ఇలా చేయొచ్చు. నా టూల్ తను రాసిన ఫైల్ హ్యాష్‌ని (లోపలి సరుకుకి వేలిముద్ర లాంటిదాన్ని) పక్కన గుర్తు పెట్టుకుని, మళ్లీ నడిపినప్పుడు ఫైల్ అలాగే ఉంటే ధైర్యంగా మార్చేయొచ్చు, ఎవరో చేత్తో దిద్ది ఉంటే ఆగిపోవచ్చు. కోడ్ జనరేటర్లకి ఇది ప్రాణాధారం, ఎందుకంటే జనరేట్ అయిన ఫైల్‌ని ఎవరో ఒకరు దిద్దుతూనే ఉంటారు, "దిద్దకండి" అని పైన పెద్ద అక్షరాలతో రాసినా.

కొత్త టూల్స్ బాగుపడేదాకా నా మెషీన్‌లో ఏం చేస్తానంటే, బ్యాష్ ఆర్‌సీలో (బ్యాష్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగ్ ఫైల్‌లో) నోక్లాబర్ ఆన్. నిజంగా చెరపాలనుకున్నప్పుడు బాణం పక్కన నిలువు గీత (>|) పెడితే చాలు. ఇది షెల్ బాణాన్ని మాత్రమే ఆపుతుంది. వచ్చినదాన్ని ఫైల్‌లోకి కూడా రాసే టీ కమాండ్‌ని గానీ, సీపీని గానీ, ఏ టూల్‌లోని మైనస్ ఓని గానీ ఆపదు. ఫోల్డర్ పేరు చివర ఎప్పుడూ స్లాష్ పెడతాను: పైన చెప్పిన లూప్‌లో "పాతవి/" అని ఉంటే, ఫోల్డర్ లేనప్పుడు మొదటి ఫైల్ దగ్గరే ఎర్రర్ వచ్చి అన్ని ఫైళ్లూ బతికేవి. గ్నూ వాటిలో మైనస్ టీ పెట్టి ఫోల్డర్‌ని ముందే చెప్పేయడం ఇంకా మేలు. స్క్రిప్టుల్లో ఎంవీకి బ్యాకప్ ఈక్వల్స్ నంబర్డ్ ఇస్తాను, పాతది చివర .~1~ తగిలించుకుని పక్కకి జరుగుతుంది. చూడ్డానికి చెత్తగా ఉంటుంది, కానీ చెత్త ఊడ్చుకోవడం నాకు వచ్చు. సార్ట్‌కి మైనస్ ఓ ఇచ్చి అదే ఫైల్ పేరు రాయొచ్చు, చదివాకే రాస్తుంది. మిగతావాటికి మోర్‌యుటిల్స్ అనే ప్యాకేజీలో స్పాంజ్ ఉంది, అదీ అంతా చదివాకే రాస్తుంది.

నా వాదనలో నిజంగా తెగని ముడి ఒకటే: అనేక ఫైళ్లు ఒకేసారి రాసే టూల్స్. ఆర్కైవ్ విప్పుతుంటే మూడు వందల ఫైళ్ల తర్వాత ఒకటి ముందే ఉందని తేలింది. ఇప్పుడు ఆగితే ఫోల్డర్ సగం కొత్తది, సగం పాతది. ఆగకపోతే చెరపాలి లేదా వదిలేయాలి. అన్‌జిప్ ప్రతి ఫైల్‌కీ అడిగి, "అన్నింటికీ అవును" అనే పెద్ద అక్షరం ఏ చూపిస్తుంది. రెండో ప్రశ్నకే అందరూ అదే కొడతారు. టార్ మామూలుగా మార్చేస్తుంది, మైనస్ కె ఇస్తే ఉన్నవాటిని ముట్టుకోకుండా ఎర్రర్ చెప్తుంది, అప్పటికి విప్పినవి మాత్రం అక్కడే ఉంటాయి. విప్పే ముందే పేర్లన్నీ చూసుకోవచ్చు, కానీ పైప్‌లోంచి (ఇంకో ప్రోగ్రామ్ నుంచి నేరుగా) వచ్చే ఆర్కైవ్‌ని ముందే చూడడం కుదరదు. నేను రాసేవాటిలో మాత్రం ఎప్పుడూ కొత్త తాత్కాలిక ఫోల్డర్‌లోకే విప్పి, అంతా అయ్యాక ఫోల్డర్ పేరు మారుస్తాను. ఉన్న ఫోల్డర్‌లో కలపమని అడిగేవాళ్లకి ఆ సౌకర్యం లేదు. ఇప్పటికి ఇద్దరు ముగ్గురు అడిగారు. విప్పిన ఫోల్డర్ చూపించి, కలపడం మీరే చేసుకోండి, మీ ఫైళ్లలో ఏది ఉంచాలో నాకన్నా మీకే బాగా తెలుసు అని చెప్పాను.